నెమరేసే డ్రాగన్

రోశమ్మ పొట్టేలు ఎక్కడుందో ఆ ఊళ్ళో తెలిసినవాడు తానొక్కడేనని అంకన్న నమ్మకం. అది రాచర్లలో, రంగయ్య అనే ఆయన దొడ్డిలో, నలభై గొర్రెల మధ్య కొత్తల్లుడి మర్యాదలు అందుకుంటూ ఉంది. దాన్ని ఆటోలో సీటు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయి అక్కడ దించి వచ్చింది కూడా అంకన్నే.

ముప్పై నాలుగేళ్ళు వచ్చినా అంకన్నకు పెళ్ళి కాలేదు. మనిషి బాగానే ఉంటాడు. పెద్దారవీడు దాటాక కొండ కింద మూడెకరాల కంది చేనుంది, అరవై గొర్రెలున్నాయి. చిక్కంతా ఆ గొర్రెలతోనే. "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అవతలివాళ్ళు అడగ్గానే మధ్యవర్తికి దగ్గు వచ్చేది. ఒక సంబంధం వాళ్ళయితే, ఏసీలు బాగుచేసేవాడైనా సరే గానీ గొర్రెలు కాసేవాడు వద్దని ముఖం మీదే చెప్పారు. వాళ్ళింట్లో ఏసీ లేదు.

రాచర్ల సంబంధం వేరు. రంగయ్య కూతురు శ్రీశైలమ్మ ఇంటర్ చదివింది. తండ్రి మోకాళ్ళు అరిగినప్పటి నుంచి మందను తనే చూసుకుంటోంది. ఆమె అబ్బాయి ఫోటో అడగలేదు, జాతకం అడగలేదు. "వాళ్ళ మంద పొట్టేలు ఎట్లుందో చూడాల" అని మాత్రం కబురు పెట్టింది. మాట సబబైనదే. పొట్టేలును చూస్తే రాబోయే అయిదేళ్ళ మందను చూసినట్టు.

అంకన్న పొట్టేలును దర్శిలో ఎవరో వాడికి అంటగట్టారు. దానికి ఒక కన్ను లేదు. ఉన్న కన్నుతోనైనా గొర్రెల వైపు చూసేది కాదు. పక్కింట్లో, సొంత మేనత్త రోశమ్మ దొడ్డిలో మాత్రం మేస్త్రీ ఉంది. మంద ముందు నడుస్తూ, అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి మిగతావి సరిగా వస్తున్నాయా లేదా అని చూసుకుంటుంది కాబట్టి ఆ పొట్టేలుకు ఆ పేరు. రెండు మందలనూ కలిపి మేపేది అంకన్నే. పుట్టిన మూడో రోజున తల్లి పోతే మేస్త్రీకి సీసాతో పాలు పట్టి పెంచింది కూడా వాడే. అందుకని రోశమ్మ కంటి ఆపరేషన్‌కని మార్కాపురంలో కొడుకింటికి పోయినప్పుడు, నెల దాకా రాదు కదా అనుకుని, మేస్త్రీని రాచర్ల పట్టుకుపోయాడు.

రంగయ్య దాని వీపు నిమిరాడు. కొమ్ముల మధ్య గోకాడు. వాళ్ళ పొట్టేలు ఉగాదికి ముందు చచ్చిపోయిందట. "నెల్లాళ్ళు ఇక్కడే ఉంచి పోరాదా నాయనా" అన్నాడు. ఆనందంలో ఉన్నవాడికి నోరు ఆగదు. "మనలో మనకేంది మామా, ఉంచుకోండి" అనేశాడు అంకన్న. గురువారం వచ్చి మాట ఖాయం చేసుకుంటామన్నారు. ఇక ఆ గురువారం దాకా మేస్త్రీ రాచర్లలోనే ఉండాలి, అంకన్నదే అయి ఉండాలి. లేకపోతే సంబంధం గాలికి పోతుంది.

గురువారానికి ఇంకా ఎనిమిది రోజులుండగానే రోశమ్మ బస్సు దిగింది. కోడలు కూరలో ఉప్పు వెయ్యదట. వెంట మనవరాలు జాహ్నవి కంట్లో వేసే చుక్కల మందు పట్టుకుని వచ్చింది. మార్కాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం, జువాలజీ.

ఆపరేషన్‌కు ముందు రోశమ్మ పక్కింటివాళ్ళ దూడను మనిషనుకుని "ఎప్పుడొచ్చినావమ్మా" అని పలకరించేది. ఇప్పుడు నల్లద్దాలు పెట్టుకుని రోడ్డు మీద నిలబడే దొడ్డిలోని గొర్రెలను లెక్క పెట్టేసింది.

"మేస్త్రీ ఏడిరా?"

"అత్తా, ముందు కూర్చో. కళ్ళకి ఎండ తగలగూడదంట."

"కళ్ళు నావి, నేను చూసుకుంటాలే. పొట్టేలేది?"

అంకన్న గబగబా ఆలోచించాడు. చిరుత పట్టుకుపోయిందంటే ఫారెస్టువాళ్ళు వస్తారు. అడుగుజాడలు కొలుస్తారు, ఎముకో తోలో చూపించమంటారు. దొంగలంటే పోలీసులు. జబ్బు చేసి చచ్చిందంటే కొమ్ములేవని అత్త అడుగుతుంది. కాబట్టి జాడ వదలనిదీ, ఎవరూ చూడనిదీ, ఏ ఆఫీసుకూ సంబంధం లేనిదీ అయిన ఒక జంతువు కావాలి. ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవరో ఫోన్లో చూస్తున్న బొమ్మ వాడి కళ్ళ ముందు మెదిలింది.

"డ్రాగన్ ఎత్తకపోయింది అత్తా."

జాహ్నవి చేతిలోంచి చుక్కల మందు మూత జారి కింద పడింది.

రోశమ్మ మాత్రం కోప్పడలేదు. ఆమెకో అలవాటుంది. ఊళ్ళో ఎవరు ఏ జంతువును కొన్నా, దూడైనా మేకైనా, ముందు ఆమె చూడాలి. నోరు తెరిపించి పళ్ళు చూస్తుంది, పేడ చూస్తుంది, నెమరేసేటప్పుడు కాసేపు పక్కన కూర్చుంటుంది. ఆ తర్వాతే మంచిదో చెడ్డదో చెబుతుంది. చూడకుండా ఏ జంతువునూ కాదనడం ఆమె వృత్తికే చిన్నతనం. అందుకని లోపలికి పోయి, విత్తనాలకని దాచిన కందులు చేటలో పోసుకుని వచ్చి, వాకిట్లో పరిచిన పలకరాళ్ళ మీద కూర్చుంది.

"డ్రాగన్ అంటే, మొన్న మీ నాయన పొట్లం కట్టించుకొచ్చినాడే ఎర్రగా, ఆ డ్రాగన్ చికెనేనా?" అని మనవరాలిని అడిగింది.

"అది కోడే అవ్వా. డ్రాగన్ అనేది నిజంగా లేదు. కథల్లో ఉంటది, అంతే."

"నీ పుస్తకంలో లేనంత మాత్రాన కొండలో లేకుండా పోతదా? మీ మామ చూసినాడంట గదా. చెప్పు రా అంకా. ఎంతుంది?"

అంకన్న ప్రాణం లేచి వచ్చింది. "మూడు ఎద్దులంత, అత్తా!"

జాహ్నవి సుద్దముక్క తెచ్చుకుంది. వాకిట్లో నల్లటి పలకబండ మీద మూడు ఎద్దులంత జంతువును గీయడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకు ఏదో ఒక పని కావాలి.

అప్పుడే ఎక్సెల్ బండి వచ్చి ఆగింది. దాని మీద అబ్బాస్ అలీ. మార్కాపురంలో మటన్ దుకాణం ఆయనది. వారంలో నాలుగు రోజులు పల్లెలు తిరిగి జీవాలను కొంటాడు. పైనుంచి చూసి గొర్రె లోపల కార్జం, ఆయన మాటలో కలేజా, ఎంత బరువుంటుందో చెప్పగలడు.

"సలాం రోశమ్మక్కా! కళ్ళు బాగున్నాయా?"

"రా అబ్బాసూ. మంచి సమయానికి వచ్చినావు. మేస్త్రీని డ్రాగన్ ఎత్తకపోయిందంట."

అబ్బాస్ అలీ బండి స్టాండు వేయడం ఆపి అంకన్న ముఖంలోకి చూశాడు. గడ్డం దువ్వుకున్నాడు. "అరెరే! మేస్త్రీనా? నిన్న నేను రాచర్ల పోయి ఉంటి, ఆడ ఎవరూ డ్రాగన్ సంగతి చెప్పలేదే!"

రాచర్ల అన్న మాట వినగానే అంకన్న కాళ్ళ కింద పలకరాయి కదిలినట్టయింది. అబ్బాస్ అలీ రంగయ్య దొడ్డిలోకి తొంగి చూడకుండా రాచర్ల దాటి ఉండడు. కానీ ఆయన ఇంకేమీ అనలేదు. తీరిగ్గా వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. "ఊఁ, కానీ బేటా. డ్రాగన్ గురించి నేనూ వింటా."

"మూడు ఎద్దులంత జంతువుకి దినానికి ఎన్ని బిందెల నీళ్ళు కావాల?" అని మొదలుపెట్టింది రోశమ్మ. "ఈ ఎండాకాలం బోరు కాడ నా గొర్లకే నీళ్ళు చాలక కొట్టుకుంటిమి. అది యాడ తాగింది?"

"మూడు ఎద్దులంటే... దూరం నుంచి అట్ల కనపడింది అత్తా. దగ్గరికి వచ్చేసరికి ఒక దూడంత."

జాహ్నవి తుడిచి, దూడంత గీసింది.

"దూడంత జంతువు నూట యాభై కేజీలు తూగుతది," అన్నాడు అబ్బాస్ అలీ. "మేస్త్రీ యాభై. అంత మోసుకొని ఎగరాలంటే రెక్కలు ఎంత ఉండాల? కొండ మీద చెట్లకి తగలకుండా ఎట్ల పోతది?"

"దూడంటే పెద్ద దూడ కాదు భాయ్. ఇప్పుడు మన గొర్రె ఉంది చూడు, అంత."

జాహ్నవి మళ్ళీ తుడిచింది. "మామా, నాలుగు కాళ్ళు గీసినా. రెక్కలు కూడా గీస్తే ఆరు అయితాయి. వెన్నెముక ఉన్నవాటికి నాలుగే ఉంటాయి. పక్షికి రెక్కలే ముందరి కాళ్ళు."

"అయితే రెక్కలు వేరేగా ఉండవు పాపా. గబ్బిలం మాదిరి. ముందరి కాళ్ళ నుంచి పక్కటెముకల దాకా తోలు ఉంటది. మడిస్తే కనపడదు. అందుకనే ఎవరూ గుర్తు పట్టలేదు ఇన్ని దినాలు. గొర్రె అనుకొని ఊరుకున్నారు."

ఈ సంగతి చెప్పాక అంకన్నకే ఆశ్చర్యం వేసింది. ఎంత బాగా కుదిరిందీ! రోశమ్మ పుచ్చిన గింజ ఒకటి ఏరి కోళ్ళకు వేసింది.

"నిప్పు ఊదుతది గదా? నోట్లోంచి నిప్పు వస్తే ముందు దాని నాలుకే కాలాల," అన్నాడు అబ్బాస్ అలీ. "నాలుకా కాలి, గొంతూ కాలి, కలేజా దాకా వేగిపోవాల. కోసి చూస్తే వండిన కూర ఉండాల లోపల."

అంకన్న నవ్వాడు. ఈ ప్రశ్నకు జవాబు వాడి సొంత అనుభవంలోనే ఉంది. "భాయ్, మూడేళ్ళ కింద మన ఎర్ర గొర్రెకి కడుపు ఉబ్బింది గుర్తుందా? వాన పడినాక పచ్చి మేత మేసి తప్పెట మాదిరి అయింది. డాక్టరు వచ్చి పక్కలో లావు సూది పొడిచినాడు. గాలి బుస్సుమని వచ్చింది. నేను పక్కనే బీడీ తాగుతా నిలబడి ఉంటి."

ఆ సంగతి ఊరంతా ఎరుగుదురు. ఆ రోజు అంకన్న ఎడమవైపు మీసం మొత్తం పోయింది. తిరిగి మొలిచింది గానీ కుడివైపంత ఒత్తుగా రాలేదు. ఇప్పటికీ ఆ పక్క నుంచి చూస్తే వేరే మనిషిలా కనబడతాడు.

"అది మీథేన్," అంది జాహ్నవి. ఆమె సుద్దముక్క ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది. "మామా, ఇది బాగుంది! లోపల నిప్పు ఉండదు. లోపల గ్యాసే ఉంటది. నోటి బయటికి వచ్చినాకే అంటుకుంటది."

"అదే గదా నేను చెప్పేది!"

"అయితే అగ్గి పుట్టేదెట్ల? డ్రాగన్ బీడీ తాగదు గదా."

"పలుగురాళ్ళు పాపా. కొండలో తెల్ల రాళ్ళు ఉంటాయి చూడు, కొడితే రవ్వలు వస్తాయి. కోతి బుగ్గలో శనక్కాయలు దాచుకుంటది గదా, ఇది అట్ల బుగ్గలో రెండు రాళ్ళు పెట్టుకొని ఉంటది. తేన్పు వచ్చేటప్పుడు దవడ ఇట్ల ఆడిస్తది." అంకన్న దవడ ఆడించి చూపించాడు. "టక్కుమని రవ్వ, భగ్గుమని మంట. అయిపోయింది."

"ఎదురుగాలి ఉంటే?" అని అడిగాడు అబ్బాస్ అలీ.

"ఎదురుగాలిలో తేన్చదు. పక్కకి తిరుగుతది. అనుభవం మీద నేర్చుకుంటది." అంటూ అంకన్న తన మీసం తడుముకున్నాడు.

జాహ్నవి బండ మీద పొట్ట గీసి, బాణం గుర్తు పెట్టి, 'గ్యాసు సంచి' అని రాసింది. బుగ్గ దగ్గర రెండు రాళ్ళు గీసింది. బొమ్మ నిజంగానే ఒక జంతువులా కనబడసాగింది. అంకన్న మోకాళ్ళ మీద వంగి దాన్ని చూసుకుంటూ, తోక ఇంకాస్త పొట్టిగా ఉంటుందని సరిదిద్దాడు. వాడికిప్పుడు అబద్ధమాడుతున్నట్టు లేదు. కొత్తగా కొన్న జీవాన్ని పదిమందికి చూపిస్తున్నట్టుంది.

ఆ వాటం రోశమ్మ కనిపెట్టింది. ఆమె గొంతు మెత్తబడింది. "పళ్ళెన్ని రా?"

"ఎనిమిది అత్తా. కింద ఎనిమిది. పైన ముందరి పళ్ళు ఉండవు, ఉత్త చిగురే."

"పేడ?"

"పేడ కాదు, పెంటికలు. నల్లగా, గుండ్రంగా. చేనికి మంచిది."

"గుడ్డు పెడతదా?" అంది జాహ్నవి. "ఫోన్లో డ్రాగన్ గుడ్డు పెడతది."

అంకన్న నొచ్చుకున్నాడు. "ఫోన్లో వాళ్ళకేం తెలుసు పాపా! గుడ్డు ఎట్ల పెడతది, కోడేమన్నానా? అయిదు నెలలు మోసి ఈనుతది. ఒకటే పిల్ల. కవలలు ఎప్పుడో గానీ పడవు."

"నట్టల మందు తాగించాలనా?" అబ్బాస్ అలీ అమాయకంగా అడిగాడు.

"తాగించకపోతే ఎట్ల భాయ్! ఏటికి మూడుసార్లు. వానాకాలం ముందు ఒకటి తప్పనిసరి. లేకపోతే పారుకుంటది, ఎగరలేదు."

"పాపం," అన్నాడు అబ్బాస్ అలీ.

రోశమ్మ చేట కుదిపింది. "మధ్యాహ్నం పూట ఏం చేస్తది?"

"ఏం చేస్తది అత్తా, నీడ చూసుకొని పడుకుంటది. కళ్ళు సగం మూసుకొని, దవడ ఇట్ల పక్కకి తిప్పుతా నెమరేస్తా ఉంటది. చూసేదానికి ఎంత బాగుంటది!"

"నెమరేస్తదా?"

"వెయ్యకపోతే గ్యాసు ఎట్ల వస్తది? గ్యాసు లేకపోతే నిప్పు ఎట్ల వస్తది?"

"మంచిది." రోశమ్మ చేట కింద పెట్టింది. నల్లద్దాలు తీసింది. ఆపరేషన్ చేసిన కన్ను ఎర్రగా ఉంది, కానీ సూదిమొనలా ఉంది. "పైన పళ్ళు లేవు. పెంటికలు వేస్తది. నీడకి పడుకొని నెమరేస్తది. నా బతుకంతా ఈ జీవాలతోనే పోయింది అంకా. నెమరేసేది ఒక్కటి చెప్పు, మాంసం తినేది?"

దొడ్డిలో ఒక గొర్రె తుమ్మింది.

జాహ్నవి బండ మీద బొమ్మనూ మామనూ మార్చి మార్చి చూసింది. 'ఆహారం' అని రాసి పక్కన ఖాళీ పెట్టి ఉంచిన చోట మెల్లగా 'గడ్డి' అని రాసింది.

"గడ్డి తినేది నా పొట్టేలును ఏం చేసుకుంటది?" అంది రోశమ్మ.

అంకన్న బండ మీద బొమ్మను మళ్ళీ చూసుకున్నాడు. గొర్రెలు తప్ప వేరే జంతువు తెలియనివాడు జంతువును కనిపెడితే ఇలాగే అవుతుంది. పులిని మొదలుపెట్టినా చివరికి గొర్రె తయారవుతుంది. అయినా ఎనిమిది రోజులు గడవాలి. వాడు ఆఖరి ప్రయత్నం చేశాడు.

"తినేదానికి కాదత్తా. ఆ జాతిలో మగవి లేవు. అన్నీ ఆడవే. ఈడుకొచ్చినాక మంచి పొట్టేలు యాడుందో చూసుకొని తోలకపోతాయి. కొన్ని దినాలు పెట్టుకొని, మళ్ళీ తెచ్చి వదిలిపెడతాయి."

"ఓహో. ఎన్ని దినాలకి?"

"ఎనిమిది... గురువారం దాటినాక."

"డ్రాగన్‌కి గురువారం కూడా తెలుసా?"

అంకన్న బొమ్మ మీదికి వంగి డ్రాగన్ చెవిని వేలితో సరిదిద్దసాగాడు.

"ఆ ఆడ డ్రాగన్ చదువుకున్నదేనా?" అని అడిగింది రోశమ్మ.

"ఇంటర్," అనేశాడు అంకన్న. అన్నాక పెదవి కరుచుకున్నాడు.

అబ్బాస్ అలీ ఇక ఆగలేక పగలబడి నవ్వాడు. ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వి, జాహ్నవి ఇచ్చిన నీళ్ళు తాగి, తువాలతో కళ్ళు తుడుచుకున్నాడు. "అక్కా, ఇంక చాలు. పిల్లవాడిని వదిలిపెట్టు. మేస్త్రీ రాచర్లలో ఉంది. రంగయ్య మందలో. బాగుంది, ఖుదా కసమ్, ఇక్కడికంటే నున్నగా ఉంది."

"అది నేను చూపు సగం లేనప్పుడే కనిపెట్టేదాన్ని," అంది రోశమ్మ. "ఆటోలో సీటు మీద కూర్చోబెట్టి తీసుకపోతే ఊరంతా చూడదా? బస్సు దిగేలోపలే నలుగురు చెప్పినారు. వీడు ఎంత దూరం పోతాడో చూద్దామని కూర్చుంటి." ఆమె అంకన్న వైపు తిరిగింది. "అడిగి ఉంటే ఇయ్యనా రా నేను?"

అంకన్న తల వంచుకుని బండ మీద డ్రాగన్ తోకను బొటనవేలితో తుడుస్తున్నాడు. "అడిగితే ఇచ్చుంటావు అత్తా. కానీ అది నీదని వాళ్ళకి చెప్పాల గదా. నా పొట్టేలును చూస్తే ఎవరు పిల్లనిస్తారు? ఉండేది ఒక కన్ను."

రోశమ్మకు ఒక్క కొడుకే. తమ్ముడు పోయినప్పటి నుంచి అంకన్న ఈ ఇంట్లోనే తిని పెరిగాడు. వాడికి వచ్చిన సంబంధాలు ఎలా తిరిగి పోయాయో ఆమె చూస్తూనే ఉంది.

"ఇంకో సంగతి ఉంది," అన్నాడు అబ్బాస్ అలీ. "నేను ఊరికే రాలేదు ఈ పొద్దు. శ్రీశైలమ్మ పంపితే వచ్చినా."

అంకన్న తలెత్తాడు.

"నిన్న నన్ను పక్కకి పిలిచింది ఆ పిల్ల. మేస్త్రీ చెవి పట్టుకొని చూపించింది. 'అబ్బాస్ మామా, ఎడమ చెవికి రెండు గాట్లు, కింద ఒక బొక్క. ఆయన గుర్తు ఒకటే గాటు అని విన్నా. మరి ఇది ఎవరిది?' అని అడిగింది."

ఆ పల్లెల్లో ప్రతి ఇంటికీ ఒక చెవిగుర్తు ఉంటుంది. గొర్రెపిల్ల పుట్టిన నెలలోపు గాటు వేస్తారు. మందలు కలిసిపోయినా గుర్తు చూసి విడదీసుకుంటారు. రెండు గాట్లు, ఒక బొక్క రోశమ్మ అత్తింటివాళ్ళ గుర్తు.

"నువ్వేమన్నావు?" అంది రోశమ్మ.

"ఎవరి జీవం గురించి వాళ్ళు చెప్పమంటేనే చెప్తా. నలభై ఏండ్ల వ్యాపారం నాది. రేపు చెప్తా అంటి. ఇప్పుడు నువ్వు చెప్పు అక్కా. అంకన్నది అనమంటే అంటా. నీది అనమంటే అంటా."

అంకన్న మేనత్త ముఖంలోకి చూడలేక దొడ్డి వైపు చూశాడు. ఒంటికన్ను పొట్టేలు వాడినే చూస్తోంది.

"పొట్టేలు చెవి చూసింది ఆ పిల్లేనా, వాళ్ళ నాయననా?" అని అడిగింది రోశమ్మ.

"ఆమే. వాళ్ళ నాయన కొమ్ములు చూసి మురిసిపోతా ఉన్నాడు."

రోశమ్మ ముఖం విప్పారింది. "కొమ్ములు కాదు, చెవి చూసింది!" అంది తనలో తను. తర్వాత కందులు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నువ్వేమీ చెప్పాకు అబ్బాసూ. నా గాటు మీద అబద్ధం నేను చెప్పను, నిన్నూ చెప్పమనను. ఒరే అంకా, రేపు పొద్దున భాయ్ బండెక్కి పో. నువ్వే చెప్పు."

"ఏమని అత్తా?"

"ఉన్నది ఉన్నట్టు. ఆ డ్రాగన్ సంగతి కూడా."

"అది కూడానా!"

"అది లేకపోతే నువ్వెట్లాంటోడివో ఆ పిల్లకి ఎట్ల తెలుస్తది?"

మర్నాడు పొద్దున అబ్బాస్ అలీ ఎక్సెల్ వెనక, జీవాలను కట్టి తెచ్చే చోట, అంకన్న కూర్చుని రాచర్ల పోయాడు. దారిలో ఎదురైనవాళ్ళు ఇద్దరు, "ఏం భాయ్, ఎంతకి కొంటివి?" అని అడిగారు. "తూకం వెయ్యాల ఇంకా," అన్నాడు అబ్బాస్ అలీ.

రంగయ్య ఇంట్లో లేడు. మోకాళ్ళకు కరెంటు పెట్టించుకోవడానికి గిద్దలూరు పోయాడు. శ్రీశైలమ్మ దొడ్డిలో మందకు తొట్టిలో నీళ్ళు పోస్తోంది. మేస్త్రీ అంకన్నను చూసింది గానీ గుర్తుపట్టనట్టు తల తిప్పుకుంది.

అంకన్న దొడ్డి తడిక బయటే నిలబడి చెప్పేశాడు. పొట్టేలు మేనత్తదని చెప్పాడు. తన పొట్టేలుకు ఒక కన్ను లేదని చెప్పాడు. అత్తకు ఏం చెప్పాడో కూడా చెప్పాడు. డ్రాగన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాడి గొంతులో పిరికితనం పోయి, చేతులు ఊపుతూ గ్యాసు సంచి సంగతీ, బుగ్గలో రాళ్ళ సంగతీ వివరంగా చెప్పాడు. అబ్బాస్ అలీ దూరంగా బండి మీద కూర్చుని, ఏమీ విననివాడిలా చెవి ఇటు పెట్టాడు.

శ్రీశైలమ్మ బిందె కింద పెట్టి అంతా విన్నది. ఎక్కడా నవ్వలేదు. అంకన్నకు అదే భయంగా ఉంది.

"మగవి లేవన్నావు. మరి ఆడ డ్రాగన్‌కి పొట్టేలుతో పుట్టిన పిల్లల్లో పొట్టేళ్ళు పుడితే?"

"అవి... రెక్కలు లేకుండా పుడతాయి. మామూలు మందలో కలిసిపోతాయి."

ఆమె తల ఊపింది. "గిట్టలా, గోళ్ళా?"

"గిట్టలే. రెండుగా చీలి ఉంటాయి."

"అయితే గిట్టలు పుచ్చే జబ్బు రాదా వానాకాలం?"

"వస్తది. అందుకే ఎగురుతది. బురదలో నిలబడకుండా." ఆ మాట అప్పటికప్పుడు తట్టింది. అంకన్న కళ్ళు మెరిశాయి. "రెక్కలు దేనికని ఎవరూ అడగలేదు ఇంతవరకూ!"

ఇప్పుడు నవ్వింది శ్రీశైలమ్మ. తడిక తీసుకుని బయటికి వచ్చి వాడి ఎదురుగా నిలబడింది. "ఇరవై ఎనిమిది ఏండ్లని చెప్పినాడు మధ్యవర్తి. ఏదీ, నోరు తెరువు."

"ఏంది?"

"పళ్ళు చూడాల. తెరువు."

అంకన్న నోరు తెరిచాడు. ఆమె పొట్టేలును చూసినట్టే, గడ్డం కింద వేలు పెట్టి తల వెలుగు వైపు తిప్పి, అరిగిన పళ్ళను కిందా పైనా చూసింది.

"ముప్పై నాలుగు," అంది.

"మధ్యవర్తి చెప్పినాడు అది. నేను కాదు," అన్నాడు అంకన్న తెరిచిన నోటితోనే.

"మూసుకో ఇంక. గురువారం మీ అత్తను కూడా ఉండమను. ఆ రెండు గాట్లు ఇంత సన్నగా, నెత్తురు రాకుండా ఎట్ల వేసిందో నేను నేర్చుకోవాల. మీ ఒంటికన్ను దాన్ని అబ్బాస్ మామకి ఇచ్చెయ్యి."

"ఈ పొద్దే పట్టుకపోతా," అన్నాడు అబ్బాస్ అలీ బండి మీద నుంచి.

"మరి మేస్త్రీ?" అన్నాడు అంకన్న.

"నెల మాట నెలే. పూర్తి కానీ."

సరిగ్గా అప్పుడు మేస్త్రీ, దొడ్డిలో కోసి వేసిన తొలకరి పచ్చిక పొద్దుటి నుంచి మేసి మేసి, మెడ చాచి దీర్ఘంగా ఒక తేన్పు తేన్చింది. గాలి అటు నుంచి ఇటే వీస్తోంది. అంకన్న చప్పున రెండు చేతులతోనూ మీసం మూసుకున్నాడు.